తోక లేని మాట

కొత్త ఫోనైనా, మాట వినే ఫ్రిజ్ అయినా, వేదికెక్కి దాని మంచీచెడూ విప్పి చెప్పడం ఆయన వృత్తి. ప్రతి వాక్యానికీ చివర "అన్నమాట" అని ఓ తోక తగిలించేవాడు. దాంతో జనం అసలు పేరు మరిచిపోయి 'అన్నమాట గారు' అనడం మొదలుపెట్టారు. ఇంట్లో మాత్రం ఆ తోకకు ప్రవేశం లేదు. "నేనేమైనా సభనా? నాతో మామూలుగా మాట్లాడండి" అని పెళ్ళైన కొత్తలోనే భార్య దాన్ని కత్తిరించేసింది.

ఇప్పుడు ఆ గొంతుకే ముప్పు వచ్చింది. లోపల కాయలాంటిది లేచిందని, ఆపరేషన్ అయ్యేదాకా పెదవి విప్పొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ తన కొత్త సరుకు పంపింది. అరచేతిలో ఇమిడే నల్ల పెట్టె. ఫోన్లో టైప్ చేస్తే మన గొంతుతోనే చదువుతుంది. కంపెనీవాళ్ళు ఆయన పాత ప్రసంగాలన్నీ దానికి వినిపించారు. సభలో దానితోనే మాట్లాడించి, చివర్లో ఆయన తీర్పు చెప్పాలి.

రిహార్సల్లో టైప్ చేసిందంతా అయిపోయింది. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పెట్టె ఆగలేదు.

"ఇకపై నేనే మాట్లాడతాను అన్నమాట" అంది.

కంపెనీ మేనేజర్ నవ్వేశాడు. "చిన్న తేడా సార్. అప్‌డేట్ ఇస్తే పోతుంది."

ఆయన ఇంటికొచ్చి పలక మీద రాశాడు: 'రేపు దాన్ని కొనొద్దని చెబుతా. నా సొంత గొంతుతో.'

"డాక్టర్ చంపేస్తాడు!" అంది భార్య.

'ఒక్క ముక్కే.'

"బాగానే ఉంది. రెండు గొంతులూ ఒకటే అయితే ఎవరు మాట్లాడుతున్నారో నాకెలా తెలుస్తుంది?"

ఆయన రాశాడు: 'తోక చూసి.'

ఆమె పకపకా నవ్వింది. ఆయన చప్పుడు లేకుండా నవ్వాడు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. భార్య ముందు వరసలో కూర్చుంది. బల్ల మీద పెట్టె గలగలా మాట్లాడుతుంటే, ఆయన టైప్ చేసిన ప్రతి జోక్‌కీ చప్పట్లు మోగాయి. చివరికి ఆయన ఫోన్ జేబులో పెట్టి మైకు అందుకున్నాడు.

"దీన్ని... కొనకండి."

రేకును రంపంతో కోసినట్టు వచ్చింది ఆ మాట. పెట్టె అందుకుంది.

"విన్నారుగా? అది పాత మోడల్ అన్నమాట. ఇదిగో, కొత్తది ఇలా ఉంటుంది."

జనం విరగబడి నవ్వారు. "నటన అదిరింది అన్నమాట గారూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆయన మళ్ళీ నోరు తెరిచాడు. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. బల్ల దగ్గరికి ఉరికి పెట్టె వైరు పీకేశాడు. దాని మీది దీపం ఆరిపోయింది.

భార్య నవ్వలేదు. లేచి నిలబడింది. "ఏమండీ, ఇక చాలు. ఇంటికి పోదాం రండి."

ఆయన తల ఊపేలోపే బల్ల మీది నుంచి జవాబు వచ్చింది. మెల్లగా, వంటగది గుమ్మంలో నిలబడి పలికే గొంతుతో.

"వస్తున్నా రాణీగారూ. చెప్పులేసుకోనీ."

తోక లేదు. ఇంట్లో మాత్రమే వినిపించే ఆ పిలుపు ఏ ప్రసంగంలోనూ లేదు. పెట్టె వచ్చినప్పటి నుంచి ఆయన ఇంట్లో నోరు విప్పనే లేదు.

పీకిన వైరు ఆయన పిడికిట్లోనే ఉంది.

ఆమె కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళకు విన్నదో ఆ పిలుపు! చేయి చాచి వేదిక మెట్లెక్కింది. ఆయన తన చేయి అందించాడు. ఆమె ఆయన్ని దాటుకుని బల్ల దగ్గరికి వెళ్ళి, "పదండి" అంటూ పెట్టెను చేతుల్లోకి తీసుకుంది.