ఐదో నంబరు క్షమాపణ

నూజివీడు మామిడి వ్యాపారి శ్రీరాములు మద్రాసుకు ట్రంకు కాల్ చేస్తే మూడు నిమిషాలు దొరికేవి. అక్కడ ఆయన కాయలు అమ్మిపెట్టేది కూతురి మామగారు వెంకటరమణ. వియ్యంకుణ్ణి కుశలం అడగకుండా ధర అడగడం మర్యాద కాదు. కుశలం పూర్తయ్యేసరికి మూడు నిమిషాలూ అయిపోయేవి.

1948 వేసవికి ముందు ఆయన భార్య పుష్పావతి దీనికో ఉపాయం కనిపెట్టింది. మర్యాదలన్నిటికీ నంబర్లు వేసి, ఒక నకలు వియ్యాలవారికి పోస్టు చేసింది. ఒకటంటే ఇక్కడందరం క్షేమం. రెండంటే మీ అమ్మగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి. ఐదంటే, నాలుగేళ్ళ కిందట పెళ్ళిలో మీకు చల్లారిన కాఫీ ఇచ్చినందుకు మన్నించాలి. మొత్తం తొమ్మిది. వియ్యాలవారు సంతోషంగా ఒప్పుకున్నారు. ఐదు మాత్రం ప్రతిసారీ చెప్పాలన్నారు.

మే నెలలో ఒక వాగన్ చిన్నరసాలు మద్రాసు చేరాయి. దారిలోనే పండిపోయాయని రైల్వేవాళ్ళ ద్వారా కబురొచ్చింది. ఎంతొస్తే అంతకు ఆ రోజే అమ్మెయ్యమని చెప్పకపోతే సరుకంతా పెంటకుప్పకే. శ్రీరాములు తపాలాఫీసుకు పరుగెత్తాడు. రెండు గంటలు కాచుకుంటే లైను దొరికింది.

"బావగారూ! ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు..."

"ఆగండాగండి. ఐదేదీ?"

"ఐదండీ! కాయలు..."

"అదేంటండీ, రైలు తప్పిపోతున్నట్టు? ఐదు కాస్త మనసు పెట్టి చెప్పాలి కదా."

శ్రీరాములు కళ్ళు మూసుకుని, గొంతు తగ్గించి, "ఐదు" అన్నాడు.

"ఆఁ, ఇప్పుడు బావుంది. ఉండండి, మా ఆవిణ్ణి పిలుస్తాను. ఆ కాఫీ తాగింది తనే."

ఆవిడ వంటింట్లోంచి రావడానికి కొంతసేపు పట్టింది.

"చెప్పండి అన్నయ్యగారూ."

"ఐదమ్మా."

"అయ్యో, మీరంత మాట అనాలా! మా తోడికోడలు కూడా ఇక్కడే ఉంది, తనకీ ఒక్కసారి..."

"అమ్మా, కాయలు..."

టైమైపోయిందని ఆపరేటరు లైను తీసేశాడు. మళ్ళీ లైను రేపేనన్నారు. ఇంటికొచ్చి టెలిగ్రాం ఇస్తానంటే పుష్పావతి ఒప్పుకోలేదు.

"టెలిగ్రాం చూస్తే ఎవరో పోయారనుకుని ఆ మోకాళ్ళ నొప్పుల ముసలావిడ నిజంగానే పోతుంది. అప్పుడు దానికో నంబరు వెయ్యాలి."

వారానికి ఉత్తరం వచ్చింది.

"మీరు చెప్పకుండా మీ సరుకు అమ్మడానికి మేమెవరం? పాడైపోతుంటే బంధువులకూ వీధిలోవాళ్ళకూ పంచాం. మీ ఐదు మా మనసుకు తాకింది. ఇక చెప్పనక్కర్లేదు. మా పిన్నిగారి బుట్టలో మాత్రం కొన్ని కుళ్ళినవి వెళ్ళాయి. ఆవిడ బాగా నొచ్చుకున్నారు."

శ్రీరాములు ఉత్తరం భార్య చేతికిచ్చాడు.

"వాగన్ పోతే పోయింది, కాఫీ గొడవ తీరింది కదండీ" అంటూ పుష్పావతి జాబితాలో ఐదు దగ్గర కాఫీ కొట్టేసి, పక్కనే కుళ్ళిన పండ్లు అని రాసుకుంది.