రెండు సెంటీమీటర్లు

శశికళ పద్నాలుగేళ్ళుగా చందాపురలో అంగన్‌వాడీ టీచరు. నెలనెలా పసిపిల్లల బరువు, పొడవు కొలిచి ఫోనులో ఎక్కిస్తుంది. ప్రపంచంలో ఆరోగ్యంగా పెరిగే పిల్లల కొలతలతో పోల్చి ఫోను ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చయితే దిగుల్లేదు. పసుపైతే తిండి పెంచాలి. ఎరుపైతే ఆ వారమే బిడ్డను ఆస్పత్రిలో చేర్పించాలి.

ఆ నెల వెంకటలక్ష్మి ఆరు నెలలు నిండిన కూతురు హరిణిని తెచ్చింది. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో షిఫ్టుకు వేళవుతోందని గడపలోనే తొందరపడింది. బరువు ఐదు కిలోల రెండొందల గ్రాములు. పొడవు కొలవడానికి ఇద్దరు కావాలి. ఆయా రాలేదు కనక బిడ్డ తల కదలకుండా తల్లే పట్టుకుంది. శశికళ మోకాళ్ళు నొక్కి కాళ్ళు చాపబోతే బిడ్డ గుక్కపట్టింది.

"నొక్కొద్దులే అక్కా, ఊపిరి తిప్పుకోకుండా ఏడుస్తా ఉండాది. వచ్చినంత రాసుకో."

శశికళకు జాలేసింది. చెయ్యి సడలించింది. మోకాళ్ళు వంగి ఉండగానే అరవై రెండు సెంటీమీటర్లని చదివి ఎక్కించింది. పసుపు వచ్చింది.

"రాగిసరి కొంచెం చిక్కగా కాసి పెట్టు. వచ్చే నెల చూద్దాం" అని పంపేసింది.

పన్నెండో రోజున హరిణికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రిలో చేర్చిన మర్నాడే పోయింది. ఒంట్లో సత్తువే లేదు, ముందే తేవాల్సింది అన్నదట డాక్టరమ్మ.

తర్వాత కొన్నాళ్ళకు, అంగన్‌వాడీలో బిడ్డ పేరు కొట్టేయించడానికి వెంకటలక్ష్మి ఆస్పత్రి కాగితం పట్టుకొచ్చింది. అందులో పొడవు అరవై నాలుగు. శశికళ రెండుసార్లు చదివింది. రెండు వారాల్లో ఏ బిడ్డా అంత పెరగదు. గోడ మీది పట్టికలో ఆ నెల తను ఎక్కించిన బరువుకెదురుగా అరవై నాలుగు వెతికింది. పొట్టి బిడ్డకైతే ఆ బరువు కాస్త తక్కువ, అంతే. పొడుగు బిడ్డకు ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ. గడి ఎర్రగా ఉంది.

దాచుకోలేకపోయింది.

"లక్ష్మీ, నేను తప్పు కొలిచినాను. కాళ్ళు సరిగ్గా చాపుంటే ఆ పొద్దే ఎరుపు వచ్చుండేది. అప్పుడే ఆస్పత్రిలో పెట్టుకునుండేవాళ్ళు. బతికుండేదేమో."

వెంకటలక్ష్మి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"నొక్కొద్దనింది నేనే కదక్కా."

తనేం చేసిందో శశికళకు అప్పుడు తెలిసింది. "కాదమ్మా, అది నా పని. నువ్వేమన్నా నేను వినకుండా ఉండాల్సింది" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. వెంకటలక్ష్మి వినిపించుకోలేదు. "నేనే అంటిని, నేనే అంటిని" అంటూ మెట్లు దిగిపోయింది.

సాయంత్రం వెంకటలక్ష్మి వాళ్ళ గదికి వెళ్ళింది శశికళ. వెంకటలక్ష్మి భర్త నాగప్ప సగం తలుపు తీసి, రెండు చేతులూ జోడించాడు.

"ఇంకేమీ చెప్పొద్దక్కా. వచ్చినప్పట్నించీ గోడకు తల కొట్టుకుంటా ఉండాది. మీరు పోండి."

తలుపు మూసుకుంది. శశికళ వరండాలోనే నిలబడిపోయింది. లోపలి ఏడుపు పక్క గదులదాకా వినబడుతోంది. ఏం చెప్తే అది ఆగుతుందో ఆమెకు ఎంతకీ తోచలేదు.