ముగ్గురు ఎక్కువ

ఆ ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను పంతులమ్మ అనేవారు. ఆమె ఎవరికీ పాఠం చెప్పింది లేదు. భోజనాల వేళ తక్కినవాళ్లు కబుర్లలో పడితే, ఆమె ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఫోన్ పట్టుకుని ఆన్‌లైన్ పాఠాలు వింటూ ఉండేది. అందుకని ఆ పేరు. ముప్పై ఎనిమిదో ఏట, ఉద్యోగం మానకుండానే బిజినెస్ డిగ్రీలో చేరింది. "ఈ వయసులో చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే!" అని మొదట్లో ఆటపట్టించింది పెద్దక్క.

పెద్దక్క ఉతికిన దుప్పట్లు మడిచే మడత బల్ల దగ్గర పనిచేసే ముగ్గురిలో పెద్దది. పన్నెండేళ్ల కిందట పంతులమ్మ కొత్తగా చేరినప్పుడు, ఇస్త్రీ యంత్రం నుంచి సెగలు కక్కుతూ వచ్చే దుప్పటిని చేతులు కాలకుండా ఎలా అందుకోవాలో నేర్పింది ఆమే. ఆ తర్వాత పంతులమ్మ ఆ బల్ల వదిలి లోపలికీ బయటికీ వెళ్లే బట్టల లెక్క చూసే పనికి మారింది.

ఆఖరి ఏడాది ఒక ప్రాజెక్టు ఇచ్చారు. పనిచేసే చోట ఏదైనా ఒక పనిని పరిశీలించి, అందులో వృథా ఎక్కడుందో చూపించాలి. మేనేజర్ అనుమతి పత్రం మీద సంతకం పెడుతూ, "కాపీ ఒకటి నాకూ పంపు" అన్నాడు. పంతులమ్మ రెండు రోజులు ఫోన్‌లో ఒక్కో మడతకీ పట్టే టైము కొలుస్తూ మడత బల్ల పక్కన నిలబడింది. "ఏంటే, మాకేమైనా పరుగు పందెమా?" అని పెద్దక్క నవ్వితే తనూ నవ్వింది.

ఈమధ్యే తెచ్చిన కొత్త యంత్రం ఇస్త్రీతో పాటు మడత కూడా పెట్టగలదు కాబట్టి ఈ బల్ల దగ్గర ముగ్గురు మనుషులు ఎక్కువ అని రిపోర్టులో తేల్చింది. నూటికి తొంభై రెండు మార్కులు వచ్చాయి. ఆ సంబరంలోనే మేనేజర్‌కి కాపీ పంపింది.

గురువారం ఆయన పిలిచాడు.

"భేషుగ్గా రాశావమ్మా. పైవాళ్లకి కూడా చూపించాను. సోమవారం నుంచి ఆ బల్ల తీసేస్తున్నాం. రేపు నాలుగింటికి ఆ ముగ్గురికీ ఇక పని లేదని చెప్పేద్దాం. నువ్వూ ఉండు, నీ మాటైతే వింటారు."

పంతులమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, అది చదువు కోసం రాసింది..."

"అయితే అబద్ధమా?"

"కాదు సార్."

"మరి భయం దేనికి?"

పంతులమ్మ బయటికి నడిచింది. కిందికి వచ్చేసరికి పెద్దక్క ఎదురైంది. "ముఖం అలా వేలాడేశావేం? మార్కులేమైనా తగ్గాయా?" అంది. పంతులమ్మ తల అడ్డంగా ఊపి, గబగబా తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఇంటికి వెళ్లాక భర్తకు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు. మొత్తం విని, "నువ్వు రాసినదాంట్లో తప్పుందా?" అన్నాడు.

"లెక్కలో తప్పు లేదండీ."

"నేనడిగింది లెక్క సంగతి కాదు. మ్యాపులో చూస్తే నా బస్సు ఇక్కణ్ణుంచి ఆఖరి స్టాపుకి నలభై నిమిషాల్లో వెళ్తుంది. కర్ర పట్టుకుని మెల్లగా ఎక్కే ముసలాయన మ్యాపులో ఉండడు మరి."

మర్నాడు ఆమె అరగంట ముందే వెళ్లి మడత బల్ల పక్కన నిలబడింది. ఈసారి ఫోన్ బయటికి తీయలేదు. పెద్దక్క దుప్పటి పరిచింది. మడత పెట్టబోయే ముందు ఒక్క క్షణం ఆగి, అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. ఆ ఆగడాన్నే పంతులమ్మ రిపోర్టులో 'వృథా సమయం' అని రాసింది. నాలుగో దుప్పటి దగ్గర ఆ చెయ్యి నిలిచిపోయింది. పెద్దక్క అంచు కుట్టులోంచి విరిగిన ఇంజెక్షన్ సూది ముక్కను పైకి లాగి, బల్ల కింద ఉన్న రేకు డబ్బాలో పడేసింది.

"ఇవి రోజూ దొరుకుతాయా పెద్దక్కా?"

"రోజూ కాదు. వారానికి రెండో మూడో. చిరుగులూ మరకలూ అయితే చెప్పక్కర్లేదు. అదేంటే, నీకు నేర్పలేదూ? మర్చిపోయావా?"

మర్చిపోయింది. ఇక దాచలేక, రిపోర్టు సంగతీ, నాలుగింటి సంగతీ అక్కడే చెప్పేసింది. తక్కిన ఇద్దరి చేతులూ ఆగిపోయాయి. పెద్దక్క చేతులు మాత్రం ఆగలేదు. ఇంకో దుప్పటి మడిచి, పైన పెట్టి, అప్పుడంది.

"మమ్మల్ని చూపించి మార్కులు తెచ్చుకున్నావన్నమాట."

"పెద్దక్కా..."

"నాకెందుకు చెప్తావు? చెప్పాల్సిన చోట చెప్పు."

పంతులమ్మ ఆ డబ్బా పట్టుకుని మేనేజర్ గదికి వెళ్లింది. ఆయన మీటింగులో ఉన్నాడు. బయట కుర్చీలో మూడు గంటలు కాపు కాసింది. రెండున్నరకి లోపలికి రానిచ్చాడు.

"నిన్న నిజమన్నావు, ఇవాళ తప్పంటున్నావు. నీ మాట నీటి మూటేనా?"

"యంత్రం మడిచినవి ఒక వంద దుప్పట్లు తెప్పించండి సార్. మీ ముందే విప్పుతాను."

తెప్పించాడు. ఆమె ఒక్కొక్కటే విప్పి అరచేత్తో తడుముతూ పోయింది. ముప్పై దాకా ఏమీ లేదు. ఆయన గడియారం వంక చూశాడు. నలభై ఒకటో దాంట్లో చిరుగు. తర్వాత మరక. వంద అయ్యేసరికి ఏడు మరకలూ నాలుగు చిరుగులూ తేలాయి. సూది మాత్రం దొరకలేదు.

"సూది ఏదమ్మా?"

"ఈ వందలో లేదు సార్." ఆమె రేకు డబ్బాను ఆయన ముందుకు జరిపింది. "డబ్బాలో ఉన్నాయి. రేపటి వందలో ఉంటుందో లేదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఆ రిపోర్టు తప్పని నా పేరుతో ఉత్తరం రాస్తాను. దాన్ని కూడా పైవాళ్లకి పంపండి."

ఆయన ముఖం మాడిపోయింది. ఆ కాగితం పైకి వెళ్లాక ఏ రోగికైనా సూది గుచ్చుకుంటే, అందరి వేళ్లూ ఎవరి వైపు చూపిస్తాయో ఆయనకు తెలియంది కాదు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. నాలుగు దాటి పది నిమిషాలైంది.

"సరే. బల్ల ఉండనీ. తనిఖీ చెయ్యడానికి ఇద్దరు చాలు. మూడో మనిషిని వార్డులకి బట్టలు పంచే పనిలో వేస్తాను." ఆమె లేవబోతుంటే, "ఇన్‌ఛార్జి పోస్టుకి నీ పేరు రాద్దామనుకున్నాను. ఇక కుదరదు" అన్నాడు.

పంతులమ్మ నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

యూనివర్సిటీకీ రాసింది, తన రిపోర్టులో పొరపాటు ఉందని. గడువు దాటింది కాబట్టి మార్కులు మారవని జవాబొచ్చింది. భర్త అది చదివి, "తప్పు చేశానని మొత్తుకున్నా ఎవడూ వినడేం!" అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు.

పెద్దక్క ఇరవై రోజులు పలకలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేది. ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కునే చోట ఇద్దరే మిగిలారు.

"ఆ రెండు రోజులూ నా పక్కనే నిలబడ్డావు" అంది పెద్దక్క, కొళాయి వంకే చూస్తూ. "మధ్యలో ఎందుకాగుతున్నావని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదే."

"అడగాల్సింది పెద్దక్కా."

పెద్దక్క కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది. "పద, బట్టల బండి వచ్చింది" అని ముందు నడిచింది.