పది గంటల మార్పు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. అది నిజమే. కానీ ఆ రోజు వీరన్న మీద వచ్చిన కోపం వేరు. తప్పు దొరికిపోతున్నవాడికి వచ్చే కోపం అది. అప్పటికి ఆ సంగతి నాకే తెలీదు.

నేను విశాఖ రేవులో సిగ్నల్‌మన్‌ని. పేరు జగ్గారావు. ఓడ మధ్యలో సరుకు పెట్టే లోతైన అర ఉంటుంది, దాని నోటిని హ్యాచ్ అంటాం. క్రేను నడిపేవాడికి ఆ అర లోపల ఏం జరుగుతోందో కనబడదు. హ్యాచ్ అంచున నిలబడినవాడికే కనబడుతుంది. ఆ నిలబడేవాణ్ణి నేను. నా చెయ్యి లేస్తే బరువు లేస్తుంది, నా చెయ్యి దిగితే బరువు దిగుతుంది. ఒక్కో హ్యాచ్‌కి ఇద్దరం ఉంటాం. కాగితం మీద ఇద్దరం ఎనిమిది గంటలూ నిలబడ్డట్టే లెక్క. నిజానికి రెండేసి గంటలకు వంతులు మార్చుకుంటాం, ఒకడు నిలబడితే ఇంకొకడు టీకి పోతాడు. ఇది ఎక్కడా రాసి ఉండదు గానీ రేవులో అందరికీ తెలుసు.

నా జంట సన్యాసిరాజు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. డెబ్భై అయిదు ఎండాకాలంలో ఒక ఓడలోకి బస్తాలు దింపుతుండగా, ఆ బరువు కింద, అరలో బస్తాలు సర్దే సూరన్న అనే కలాసీ నలిగి చచ్చిపోయాడు. అప్పటికి పొద్దున్న పది దాటి రెండు మూడు నిమిషాలైంది. విచారణకు వచ్చిన ఆఫీసరు నన్ను ఒకటే అడిగాడు, పది తర్వాత వంతు ఎవరిదని. సన్యాసిదని చెప్పాను. అందులో అబద్ధం లేదు. సన్యాసిని అడిగితే వాడూ నాదేనండి అన్నాడు. క్రేను డ్రైవరేమో, నేను చెయ్యి చూస్తాను గానీ మొహం చూడను బాబూ అన్నాడు. మా ఇద్దరివీ ఒకే ఖాకీ చొక్కాలు, తలకు ఒకేలాంటి తువ్వాళ్ళు. సన్యాసి పని పోయింది. వాడు దువ్వాడ వెళ్ళిపోయి, ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి మొదలయ్యాక అక్కడ సిమెంటు గోదాము దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు.

నేను ఆ కథ చెప్పడం మొదలుపెట్టాను. టీ కొట్టు దగ్గర చెప్పాను, సిటీ బస్సులో చెప్పాను, పెళ్ళిళ్ళలో సన్యాసి పక్కన కూచునుండగానే చెప్పాను. మొదట్లో, పది దాటింది, నా వంతు అయిపోయింది అని ఊరుకునేవాణ్ణి. ఎప్పటి నుంచో గానీ కథలో నా చేతిలోకి టీ గ్లాసు వచ్చింది. ఇంకో ఏడాదికి ఆ టీలో అల్లం పడింది. కేక విని గ్లాసు పారేసి పరిగెత్తానని, వేడి టీ పడి పాదం కాలిందని చెప్పేవాణ్ణి. చెప్తుంటే పాదం చురుక్కుమనేది, ఒట్టు. గోపాలపట్నం మార్కెట్లో కూరగాయలమ్మే సూరన్న పెళ్ళాం కాసులమ్మతో, "నానుంటే సూరన్న బతికేవోడమ్మా" అని కూడా అన్నాను. ఆవిడ తలూపి, తూకం అయ్యాక నాలుగు వంకాయలు ఎక్కువేసింది. ఆ వంకాయలు ఇంటికి పట్టుకెళ్ళి తిన్నాను.

ఎనభై నాలుగు మార్చిలో భద్రతా వారం జరిపారు. షెడ్డులో మైకు పెట్టి, ఏటా పిలిచినట్టే నన్ను పిలిచారు. అలవాటైన కథే చెప్పాను. "సూరన్న ఒంగుని జారిపోయిన సెప్పు తీసుకుంటన్నాడు. తలెత్తి పైకి సూసాడు. నోట్లో బీడీ ఉంది, ఇంకా ఎలిగించలేదు" అన్నాను. ఈ ముక్క దగ్గర ఎప్పుడూ అందరూ అయ్యో అంటారు. ఈసారి ఓడలాగే మా బెర్తుకి కొత్తగా వచ్చిన క్రేను డ్రైవరు వీరన్న లేచాడు.

"బావా, నువ్వు టీ కొట్టుకాడున్నావు గదా. మరి బీడీ ఎలిగించలేదని నీకెలగ తెలిసింది?"

"ఎవరో సెప్పారు."

"ఎవరు? మిగతావోళ్ళంతా లోపల పక్కకి, నీడకెల్లిపోయారన్నావు. ఆడు పైకి సూత్తే, ఆడి మొకం అంచున నిలబడ్డోడికే గదా కనబడీది."

"నిన్న గాక మొన్న వచ్చినోడివి, నీకేటి తెలుసు" అని మైకులోనే కసిరాను. అందరూ నవ్వారు. సన్యాసి చెప్పుంటాడులే అని వీరన్నే సర్దుకుని కూచున్నాడు. కానీ సన్యాసి ఆ ప్రమాదం ఊసు నా దగ్గర ఏనాడూ ఎత్తలేదు. ఎత్తిందల్లా నేనే.

ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూచున్నాక గుర్తొచ్చింది. పది కొట్టి చాలాసేపైనట్టు అనిపించింది ఆ రోజు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోతోంది. సన్యాసి ఎక్కడ చచ్చాడా అని తల తిప్పి చూస్తే, వాడు ఓడ మెట్లెక్కి వస్తున్నాడు. బరువును ఆపమని ఎత్తి పట్టుకున్న చెయ్యి నాది. వాడు కనబడ్డాడు కదా, నా వంతు తీరిపోయింది కదా అని ఆ చెయ్యి కిందికి వదిలేశాను. అంతే. అది సైగ కాదు. క్రేను డ్రైవరుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మళ్ళీ తల తిప్పేసరికి సూరన్న నా వైపే చూస్తున్నాడు.

అది నాలోంచి ఎక్కడికీ పోలేదు. దాని మీద నేనే టీ, అల్లం, కాలిన పాదం ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ వచ్చాను. పక్క సీటువాడు నా వైపు చూస్తే, చొక్కా లేకుండా కూచున్నట్టు సిగ్గేసింది. నా స్టాపు కాకపోయినా దిగిపోయాను.

ఆ ఆదివారం దువ్వాడ ప్యాసింజరెక్కాను. సన్యాసి నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు. "ఏటి బావా, దారి తప్పొచ్చావా" అన్నాడు. వాడి పెళ్ళాం అసిరమ్మ పీట వేసింది. కూచోకుండానే చెప్పేశాను, ఆ చెయ్యి నాదని.

సన్యాసి నవ్వాడు. "నన్నోదార్సడానికి ఇంత దూరం వచ్చావా?"

"ఓదార్పేటి, నిజం సెప్తన్నాను."

"నాను సేసింది నాకు తెల్దా బావా? ఆడు సెప్పు కోసం ఒంగున్నాడు. తలెత్తాడు. నోట్లో బీడీ, ఎలిగించలేదు. కళ్ళు మూత్తే సాలు, కనబడతాడు." కుడి చెయ్యి ఎత్తి చూపించబోయి, భుజం దాకా రాకుండానే దించేసుకున్నాడు. "ఈ సెయ్యే."

ఆ చెప్పు, ఆ బీడీ నేను పెళ్ళి పందిళ్ళలో పంచిపెట్టినవి. వాడు వాటిని విని విని తన కళ్ళతో చూసినట్టే దాచుకున్నాడు. నేను మరిచిపోయింది వాడికి గుర్తుంది.

"నా పాపం ఆడి నెత్తినేసుకుంటాడంటే, బావంటే ఇలగుండాల" అని అసిరమ్మతో అని, కోడిగుడ్ల కూర చెయ్యమన్నాడు. ముద్ద దిగలేదని చెప్తే బాగుండును. దిగింది. వాడు రెండోసారి వడ్డిస్తే అదీ తిన్నాను. నా బతుకులో అంత సిగ్గుపడి ఎప్పుడూ తినలేదు.

అసిరమ్మ వీధి దాకా వచ్చింది. "అన్నయ్యా, నువ్వు సెప్పింది నిజమేనా?"

"నిజమేనమ్మా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "తొమ్మిదేళ్ళు" అంది. "ఆ సెయ్యి ఒంటి కిందెట్టుకుని తొంగుంటాడు. కదిల్తే ఇంకెవుడో సచ్చిపోతాడని బయం."

"రేపే ఆఫీసుకెల్లి రాసిత్తానమ్మా."

"రాసియ్యి. కాయితంతో ఆడేటి సేసుకుంటాడు? నువ్వు సెప్పీ సెప్పీ ఆడి మీదకెక్కించావు. సెప్పీ సెప్పీ నువ్వే దించు. పెతి ఆదివారం రా."

రాసిచ్చాను. కాగితం తీసుకుని ముద్ర వేశారు, ఏం చేస్తారో తెలీదు. కాసులమ్మ దగ్గరికి మాత్రం ఇంకా వెళ్ళలేదు. మార్కెట్ దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కొచ్చేశాను. వెళ్తాను, వెళ్ళకపోతే ఇదంతా దండగ.

దువ్వాడకి మాత్రం మానలేదు. ఒక్క ముక్క కూడా కొత్తది కలపకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పి వస్తున్నాను. మొదట నవ్వేవాడు. మూడో వారం విసుక్కున్నాడు. అయిదో వారం, నేను నోరు తెరవగానే లేచి పెరట్లోకి పోయి, నేను వెళ్ళేదాకా లోపలికి రాలేదు. నాకు కోపం వచ్చింది గానీ ఎవరి మీద చూపించను?

నిన్న పదకొండో ఆదివారం. చెప్పడం అయిపోయింది. సన్యాసి తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత నా మొహంలోకి చూడకుండా అడిగాడు.

"అలగైతే బావా, ఆ యేళ నానెక్కడున్నాను?"

"మెట్ల మీదున్నావు" అన్నాను. "నా బదులు నిలబడ్డానికి వస్తన్నావు."