ఎవరూ కొట్టుకోని ఆట

కిందటేడు రంజాన్ నెలలో ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో ఉన్న తన కాఫీ కొట్టులో ఖమీస్ ఫుట్‌బాల్ మీద సరదా ప్రశ్నలు పెట్టించాడు. మూడోరోజుకల్లా టీవీ పగిలింది, ఇద్దరి తలలకు కుట్లు పడ్డాయి. అంతకు ముందేడు పాటల మీద పెట్టిస్తే, పోయిన గాయనుల్లో ఎవరి గొంతు గొప్పదన్న దగ్గర కుర్చీలు గాల్లోకి లేచాయి. అందుకే ఈ ఏడు బుర్ర బద్దలు కొట్టుకుని, ఎవరూ కొట్టుకోని విషయం ఒకటి పట్టుకొచ్చాడు. చదరంగం.

ఆలోచన మంచిదే. ఆ వీధిలో చదరంగం వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. తక్కినవాళ్ళంతా పాచికలవాళ్ళు, డొమినోవాళ్ళు. రాని ఆట గురించి ఎవడు తలలు పగలగొట్టుకుంటాడు? అలా అనుకున్నాడు ఖమీస్. మనుషుల గురించి పాపం అతనికి తెలిసింది అంతే.

ఆ ఇద్దరిలో ఒకాయన వగ్దీ. బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యాడు కనుక అందరూ ఉస్తాద్ అంటారు. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని జబ్బు ఆయనది. ఎవరైనా పెళ్ళి కార్డు ఇస్తే జేబులోంచి కలం తీసి, వీధి పేరు సరిచేసి, వాళ్ళ కార్డు వాళ్ళకే తిరిగిచ్చేవాడు. రెండోవాడు బహ్గత్. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. గొంతు విప్పితే సూయజ్ కాలవ అవతల పోర్ట్ ఫువాద్‌లో పడవలు ఆగుతాయని చెప్పుకుంటారు. మునిసిపల్ ఎన్నికల్లో మూడుసార్లు నిలబడి, మూడుసార్లూ బోర్లాపడ్డవాడు.

రోజూ సాయంత్రం వీళ్ళిద్దరికీ ఒక ఆట ఉండాలి. భార్య పోయిన దగ్గర్నుంచి వగ్దీ గడ్డం గీసుకునేది ఆ ఆట కోసమే.

ప్రశ్నలు రాసే పని సహజంగానే వగ్దీ మీద పడింది. పగలు ఉపవాసంతో కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే రాసేవాడు, ఇఫ్తార్ అయ్యాక ఖమీస్ తెచ్చిన మైకులో చదివేవాడు. సరైన జవాబు చెప్పినవాళ్ళకి ఒక పళ్ళెం కునాఫా మిఠాయి. మైకు మోత ఎంతంటే, వీధికి అవతల ఉన్న ఎదుటి కాఫీ కొట్టువాళ్ళు కూడా చచ్చినట్టు వినాల్సిందే.

మొదటి రాత్రి ప్రశ్న ఇది. "తిన్నగా నడవమంటే నడవదు, ఎదురుగా ఎవరున్నా మీంచి దూకేస్తుంది, దిగాక పక్కకి తిరుగుతుంది. ఏమిటది?"

"హమామా మైక్రోబస్సు!" అని అరిచింది కొట్టు కొట్టంతా.

జవాబు గుర్రం. కానీ గుర్రం ఎవడికి కావాలి? ఆ బస్సు నడిపే హమామా లేచి మీసం మెలేశాడు, అందరూ పడీ పడీ నవ్వారు, కునాఫా అతనికే పోయింది. ఆ క్షణం నుంచీ ఆ వీధికి ఒక్కటే అర్థమైంది: ప్రశ్న చదరంగం గురించి అంటారు గానీ, జవాబు మాత్రం మన వీధిలో మనిషే అయి ఉంటాడు.

మూడో రాత్రి వగ్దీ ఇలా చదివాడు. "యుద్ధమంటే ముందు వరసలో నిలబడతాడు. వెనక్కి తిరగడం చేతకాదు. అడుగులో అడుగేసుకుంటూ, ఎప్పటికైనా మంత్రినవుతానన్న ఆశతో పోతూనే ఉంటాడు. ఎవరు?"

"బహ్గత్!"

బహ్గత్ ఏమీ అనుకోలేదు. పైగా లేచి నిలబడి, ఎన్నికల్లో చేసినట్టు నాలుగు వైపులకీ చెయ్యూపాడు. "మీ ఓటు నాకే!" అన్నాడు. అంతటితో నవ్వుకుని కతాయెఫ్ మిఠాయిలు తిని ఇళ్ళకి పోవలసినవాళ్ళే.

కానీ వగ్దీ వేలెత్తాడు. "తప్పు," అన్నాడు మైకులో. "జవాబు బంటు. బంటు అప్పుడప్పుడైనా చేరుకుంటుంది."

కొట్టు పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. బహ్గత్ ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకున్నాడు. గ్లాసులో సగం టీ అలాగే వదిలేసి, వీధి దాటి, ఎదుటి కొట్టులో వీళ్ళవైపు వీపు పెట్టి కూర్చున్నాడు. మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే.

వగ్దీకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అందరూ వాడి పేరు చెబితే, కాదు కాదని చెప్పింది నేనొక్కణ్ణే గదయ్యా ఖమీస్! వాడి పరువు కాపాడాను కదా!"

"నువ్వు కాపాడిన తీరు చూశాం ఉస్తాద్," అన్నాడు ఖమీస్. "ఇంకెప్పుడూ ఎవణ్ణీ కాపాడకు."

ఆ వారం వగ్దీ తనతో తానే ఆడుకున్నాడు. నల్లపావులతో ఓడిపోయి, ఆ ఓడినవాడితో రెండ్రోజులు మాట్లాడలేదు. ఇంట్లో అద్దంలో గడ్డం పెరుగుతూ కనిపించింది. బహ్గత్ రాకపోతే ఇక సాయంత్రాలు ఎలా గడపాలో ఆయనకి తెలియదు. బతిమాలడమూ తెలియదు. తెలిసింది ప్రశ్నలు రాయడం ఒక్కటే. అందరినీ సమానంగా ఆటపట్టిస్తే బహ్గత్ మనసు చల్లబడి తిరిగొస్తాడని లెక్క వేసుకున్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుకున్నాడన్నమాట.

"అందరికంటే విలువైనవాడు. అపాయం వస్తే కోట చాటుకి, మూలకి చేరతాడు. ఆయన కోసం తక్కినవాళ్ళంతా చావాలి. ఎవరు?"

"మాలిం ఖమీస్!" అన్నారు జనం. మాలిం అంటే అక్కడ కొట్టు యజమాని. కాలిబాట మీద కుర్చీలేమిటని మునిసిపాలిటీవాళ్ళు వచ్చినప్పుడల్లా ఖమీస్ ఫ్రిజ్ వెనక దాక్కుని, పనివాళ్ళని ముందుకి తోస్తాడు.

"తప్పు," అన్నాడు వగ్దీ. "జవాబు రాజు. రాజు ఎంత భయపడ్డా బల్ల మీదే కనబడుతూ ఉంటాడు."

ఖమీస్ ఆ రాత్రి ఆయనకి టీ పంపలేదు.

తరవాత మంగలి గలాల్ వంతు. "ఎవరూ దాడి చెయ్యరు. అయినా కదలడానికి చోటుండదు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఏమిటది?"

"గలాల్ పెళ్ళి!" గలాల్‌కి నిశ్చితార్థమై ఏళ్ళు గడుస్తున్నాయి, ఇల్లు దొరకదు, ముహూర్తం పడదు.

"తప్పు. జవాబు స్టేల్‌మేట్. చదరంగంలో అలా అయితే ఆట అయిపోయినట్టే, ఇద్దరూ లేచి ఇళ్ళకి పోవచ్చు."

ఇది విన్న కాబోయే మామగారు అదే మాట గలాల్‌తో అన్నాడు. గలాల్ కత్తి పట్టుకుని, వగ్దీకి గడ్డం గీస్తానని కొట్టంతా వెతికాడు.

దెబ్బకి వగ్దీ మనుషుల జోలికి పోకూడదనుకున్నాడు. అంకెలయితే ఎవరికీ తగలవు కదా! "చదరంగం బల్ల మీద ఎన్ని గళ్ళు?"

ఎవడో గుంపులోంచి అరిచాడు. "హగ్గా నఫూసా వయసెంతో అన్ని!"

హజ్ చేసొచ్చింది కనుక అందరూ హగ్గా అనే నఫూసా కొట్టుకి సరిగ్గా పైన మొదటి అంతస్తులో ఉంటుంది. బాల్కనీలోంచి తాడుతో బుట్ట దించి టీలూ కూరగాయలూ పైకి లాక్కుంటుంది. "యాభై రెండురా, నీ కళ్ళు పేలిపోనూ!" అంది పైనుంచి.

"రెండూ తప్పే," అన్నాడు వగ్దీ. "గళ్ళు అరవై నాలుగు. హగ్గాకి అరవై ఏడు. మా అన్నా ఆవిడా ఒకే ఏడు బళ్ళో చేరారు."

బాల్కనీ మీంచి బకెట్టెడు నీళ్ళు పడ్డాయి. మర్నాటి నుంచి బుట్ట ఎదుటి కొట్టువైపు తిరిగింది. ఎలా తిరిగిందని అడక్కండి, వీధికి అడ్డంగా తాడు కట్టించింది. టీ గ్లాసులు జనం నెత్తిమీంచి ఊగుతూ పోయేవి.

నెలాఖరుకి ఖమీస్ కొట్టులో ఖమీస్, వగ్దీ, మైకూ మిగిలారు. వీధి అంతా అవతలికి పోయి, వరసగా ఇటు వీపులు పెట్టి కూర్చుంది. రేపు చంద్రుడు కనబడితే పండగ. ఖమీస్ ఇక ఆగలేకపోయాడు.

"నా కొట్టు ముంచావు ఉస్తాద్! ఇటివ్వు ఆ మైకు. నీ ప్రశ్నలకో దండం. నేనే చదువుతా!" అని లాక్కుని, నోటికొచ్చింది అడిగేశాడు. "చదరంగంలో ఇద్దరు రాజులూ సాయంత్రం కలిసి టీ తాగుతారు. అవునా, కాదా?"

అవతల వరసలో ఒక వీపు ఉలిక్కిపడింది. బహ్గత్ వీపు.

వగ్దీ అది చూశాడు. అవమానం దిగమింగినవాడు కూడా తప్పు ఎత్తు చూసి ఊరుకోలేడు. ఆట తెలిసినవాడి బతుకే అంత.

"ఇటివ్వు ఖమీస్. ఒక్కసారి."

మైకు చేతిలో పట్టుకుని నిలబడ్డాడే గానీ నాలుక కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆయన తెలిసి తెలిసి ఒక తప్పు పలికింది లేదు.

"గుర్రం," అన్నాడు గొంతు సవరించుకుని. "గుర్రం తిన్నగా పోతుంది. మూడు గళ్ళు."

బహ్గత్ భుజం ఎగిరిపడింది. వెనక్కి తిరగలేదు.

"గళ్ళు అరవై మూడు. ఒకటి కొట్టువాడికి అద్దె కింద పోతుంది."

"శభాష్ ఉస్తాద్! ఇప్పుడు బాగుంది!" అన్నారు అవతల నుంచి. ఒక్కొక్కరే కుర్చీలు ఇటు తిప్పుకుంటున్నారు. ఆట రానివాళ్ళకి తప్పుల చదరంగమే రుచిగా ఉంది.

"రాజుకి విసుగొస్తే బంటు చేత ఆడించి నిద్రపోవచ్చు. మంత్రి తెల్లవాడైనా నచ్చితే నల్లవాళ్ళ వైపు చేరొచ్చు."

"అది నిజమే!" అన్నాడు హమామా గంభీరంగా.

బహ్గత్ చేతిలో టీ తొణికి లాగు మీద పడింది. రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. వగ్దీకి చెప్పడానికి ఇక తప్పులు మిగల్లేదు. ఒక్కటే మిగిలింది.

"బంటు అవతలి వరసకి చేరినా," అన్నాడు మెల్లగా, "బంటుగానే ఉండిపోతాడు."

"అబద్ధం!"

పోర్ట్ ఫువాద్ పడవలు ఆగాయో లేదో తెలీదు గానీ వీధిలో టాక్సీలు మాత్రం ఆగాయి. బహ్గత్ కుర్చీ తన్నేసి, నఫూసా తాడు కింద నుంచి వంగి, వీధి దాటుకుని వచ్చేశాడు. వెనకే వీధి వీధంతా వచ్చింది.

"సిగ్గు లేదూ? నువ్వు పాఠాలు చెప్పినవాడివేనా? చేరితే మంత్రి అవుతాడు! కావాలంటే గుర్రమవుతాడు! వాడిష్టం!"

"అవునురా, అవుతాడు," అన్నాడు వగ్దీ. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. "కూర్చో."

"కూర్చోను. ఆ రోజేమన్నావు? బంటు అప్పుడప్పుడైనా చేరుకుంటుందన్నావు. ఊరంతా నవ్వారు. వాళ్ళు నా పేరు చెబితే నాకు బాధలేదు ఉస్తాద్, వాళ్ళకి బుద్ధి లేదు. నువ్వు కదా దిద్దింది!"

వగ్దీకి అప్పుడు తెలిసింది తను ఏమన్నాడో. "ఆట గురించి చెప్పానురా," అన్నాడు. "నీకు తగులుతుందని తోచలేదు. నేను ఒట్టి మొద్దుని."

బహ్గత్ కోపం కొంచెం దిగింది, కానీ లోపల ఇంకేదో ఉంది. "ఒకటి అడుగుతా. నిజం చెప్పు. నువ్వు నాకు ఓటేశావా?"

వగ్దీ మైకు ఒక చేతిలోంచి రెండో చేతికి మార్చుకున్నాడు.

"మూడుసార్లు నిలబడ్డాను. ఒక్కసారైనా వేశావా?"

ఆ రాత్రి వగ్దీ ఆడిన అబద్ధాలు ఒక జన్మకి చాలు. ఇంకొకటి ఆడే ఓపిక లేదు. "లేదు," అన్నాడు.

మైకు ఆపడం ఎవరికీ గుర్తులేదు. ఆ 'లేదు' వీధి చివర దాకా పోయింది.

"ఎందుకు?"

"నువ్వు గెలిస్తే సాయంత్రాలు మీటింగులుంటాయి. పెద్దమనుషులొస్తారు, కార్లొస్తాయి. నాతో ఎవడు ఆడతాడు? ఇంటికెళితే గోడలున్నాయి. గోడలకి చదరంగం రాదురా బహ్గత్."

ఎవరూ నవ్వలేదు. పైనుంచి హగ్గా నఫూసా ముక్కు చీదింది.

"నేనూ వెయ్యలేదు నాయనా," అంది. "నువ్వు కుర్చీ ఎక్కి కూర్చుంటే నా ఫ్రిజ్ ఎవడు చూస్తాడు? వెనక వీధి దొంగవెధవా? పోయినసారి వాడు ముట్టుకుంటే మంచు బదులు ఆవిరొచ్చింది!"

"నేనూ అంతే," గొణిగాడు గలాల్. కత్తి ఇంకా చేతిలోనే ఉంది. "నువ్వయితే పిలవగానే వస్తావని."

"మా అమ్మ కూడా," అన్నాడు హమామా. "మందులు పెట్టుకునే చిన్న ఫ్రిజ్ ఉంది కదా..."

"నేను మాత్రం వేశాను!" అన్నాడు ఖమీస్ రొమ్ము విరుచుకుని. అందరూ అతని వైపే చూశారు. "అంటే, రెండోసారి వేద్దామనే బయల్దేరాను. ఆ రోజే ఐసు మెషీను ఆగిపోయింది."

బహ్గత్ ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఇన్నేళ్ళూ అవతలి పార్టీవాళ్ళని తిట్టాడు, లెక్కింపు అధికారులని తిట్టాడు, తన జాతకాన్ని తిట్టాడు. "అంటే నన్ను ఓడించింది ఫ్రిజ్‌లా?" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక గొంతు రెండుగా చీలింది. కూలబడినట్టు కూర్చున్నాడు, అదీ తన పాత కుర్చీలోనే.

వగ్దీ బల్ల తెచ్చి పావులు పేర్చడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు మసకబారి ఏది ఎక్కడ పెడుతున్నాడో ఆయనకే కనబడలేదు. ఖమీస్ ఏమీ అడక్కుండానే రెండు టీలు తెచ్చి పెట్టాడు.

"వచ్చేసారి మళ్ళీ నిలబడతాను," అన్నాడు బహ్గత్.

"నిలబడు."

"అప్పుడైనా ఓటేస్తావా?"

వగ్దీ కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "వెయ్యను," అన్నాడు.

మూడు ఎన్నికల్లోనూ వీధిలో ప్రతివాడూ బహ్గత్ చెయ్యి పట్టుకుని, నీకే, నీకే అని ఒట్టేశాడు. ఇంత గట్టి మాట మాత్రం అతనికి ఎవరూ ఇవ్వలేదు. టీ ఒక గుక్క తాగి, తెల్లపావులు తనవైపు తిప్పుకున్నాడు.