బల్ల కింది సైగ

ఇరవై రెండో చుట్టు దగ్గర తీగను వేలితో అదిమిపట్టి, ఆమె బల్ల కింద కాలు చాపి పెద్దాయన స్టూలును తన్నింది. ఆయన తల తిప్పాడు. గుమ్మంలో యజమాని నిలబడి ఉన్నాడు.

"మూడు సెట్లు వాపసొచ్చాయి మాస్టారూ. కూత వణుకుతోందట."

"చూస్తా బాబూ," అన్నాడాయన, యజమాని పెదవుల కదలిక చదువుకుని.

అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌మిటర్లవి. ఇంట్లో కూర్చుని గాలిలో ఎక్కడెక్కడి వాళ్ళతోనో మోర్స్ చుక్కల్లో గీతల్లో మాట్లాడుకునే సరదా ఉన్నవాళ్ళు కొంటారు. ఉంగరమంత వలయానికి తీగ చుట్టడం ఆమె పని. సెట్టును శ్రుతి చేయడం ముప్పై ఏళ్ళుగా ఆయనది. ఏరియల్ బదులు చిన్న బల్బు తగిలించి మర తిప్పుతుంటే బల్బు వెలుగుతుంది, పక్కనున్న స్పీకరులో కూత వస్తుంది. "వెలుగు చూసి మురిసిపోయావో, చెడ్డట్టే. కాస్త వెనక్కి రావాలి. కూత నిలబడేది అక్కడ," అని ఆమెకు చెప్పేవాడు.

ఆ కూత ఆయన చెవికి అందక రెండేళ్ళయింది. స్క్రూడ్రైవరు మొన స్పీకరుకు ఆనించి, చెక్కపిడిని పళ్ళతో కరిచి, దవడ ఎముకతో వినేవాడు. పోయిన నెల ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. వాపసొచ్చినవి ఆ నెల సెట్లే. సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. యజమానికి తెలిస్తే ఆ స్టూలు ఆయనది కాదు.

"ఎముకలు కూడా మొరాయిస్తున్నాయమ్మాయ్."

"గట్టిగా అనకు బాబాయ్."

"గట్టిగా అన్నానా?"

పదకొండింటికి అత్తగారు ఫోను చేసింది. పాప ఒళ్ళు కాలిపోతోందట. ఆమె చేతిలోని వలయం కింద పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది.

"నేను వెళ్తే యజమాని వెనకనుంచి పిలుస్తాడు బాబాయ్."

"గోడకి వీపు పెట్టి కూర్చుంటాలే. నువ్వు నడు. పసిదాని కంటేనా?" స్టూలు జరుపుకుని, గోడకు ఆనుకుని, బడిలో మొదటిరోజు పిల్లవాడిలా నిటారుగా కూర్చున్నాడు.

ఆ రాత్రి తడిగుడ్డ మార్చినప్పుడల్లా ఆమెకు అదే కనిపించింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆమె వెళ్ళేసరికి యజమాని తాళంచెవి పట్టుకుని మెట్ల మీదే ఉన్నాడు.

"నిన్న స్పీకరు ఆపేసి, ఎలా ఉంది మాస్టారూ అన్నాను. చాలాసేపు విని, ఇప్పుడు నిలబడింది బాబూ అన్నారు." యజమాని ఆమె వైపు చూడలేదు. "బల్ల మీదవి పూర్తి చేసి ఇంక ఇంటిపట్టున ఉండమన్నాను. సాయంత్రం తాళంచెవి మా ఇంటికొచ్చి ఇచ్చి వెళ్ళారు."

"నేనుంటే..."

"ఉంటే? ఇంకో నెల ఆ స్టూలు తన్నేదానివి. అంతేగా."

ఆమె ముఖం చెవుల దాకా ఎర్రబడింది. యజమాని తాళం తిప్పాడు. తలుపు తెరుచుకోకముందే లోపలినుంచి కూత వినిపించింది.

బల్ల శుభ్రంగా తుడిచి ఉంది. మిగిలిన సెట్లన్నీ వరసగా, తీగలు మడిచి, అట్టపెట్టెల్లో ఉన్నాయి. చివరి సెట్టు ఒక్కటే ఆపలేదు. దాని మీట నొక్కే ఉండేలా బట్టల క్లిప్పు పెట్టి ఉంది. స్పీకరు పూర్తిగా పెంచి ఉంది. బ్యాటరీ రాత్రంతా కరిగి బల్బులో ఎర్రటి పోగు ఒకటే మిగిలింది. కూత మాత్రం ఎక్కడా వణక్కుండా వస్తూనే ఉంది.