నడుముకు కట్టిన తాడు

కృష్ణగిరి డ్యాంలో చేపలు పట్టడానికి నెల్లూరు తీరం నుంచి వచ్చిన దస్తగిరికి మంచినీళ్ళంటే చిన్నచూపు. అల లేనివి కూడా ఒక నీళ్ళేనా అని తమ్ముడు కాసింతో అని నవ్వేవాడు. గట్టున మేకలు మేపుకునే రాజప్ప ఆ నవ్వు విని ఊరుకునేవాడు కాదు.

"అడుగున తుమ్మమాన్లు ఉండాయప్పా. డ్యాం కట్టకముందు ఈడంతా చేన్లే. జాగ్రత్త" అనేవాడు.

దస్తగిరి వింటేగా! వాళ్ళ ఊళ్ళో ఒక అలవాటుంది. అన్నదమ్ములు ఒకే పడవలో వేటకు పోతే, అన్న బిస్మిల్లా అని వలతాడు కొసను తమ్ముడి నడుముకు కడతాడు. పడవ బోల్తాపడినా వల బెండ్ల మీద తేలుతుంది, దాన్ని పట్టుకుని మనిషీ తేలుతాడు. కాసింను రెండుసార్లు బతికించింది ఆ తాడే. కట్టకుండా తీసుకుపోయిన రోజున తల్లి బీబమ్మ పెద్దకొడుక్కి అన్నం పెట్టేది కాదు.

ఆ పొద్దున కూడా పుట్టిలో, ఆ గుండ్రటి బుట్టపడవలో కూర్చుని దస్తగిరి తాడు కట్టాడు. వల దించుతుండగా గాలి లేచింది. వల అంచు అడుగున ఏ మానుకో తగులుకుంది. గాలి పుట్టిని అటు తోస్తే వల ఇటు లాగింది. పుట్టి గిర్రున తిరిగి ఇద్దరినీ నీళ్ళలో పారేసింది. సముద్రంలో వల మనిషితో పాటే కొట్టుకుపోతుంది. ఇక్కడ అది కదల్లేదు, కాసింను పైకి రానివ్వలేదు.

"తాడు కోసేయప్పా, కోసేయ్" అని గట్టు మీది నుంచి రాజప్ప అరుస్తూనే ఉన్నాడు. దస్తగిరి మొలలో కత్తి ఉంది. కానీ తాడు తెగితే తమ్ముడు పోతాడన్నదే పుట్టినప్పటినుంచి అతనికి తెలిసింది. ఒక చేత్తో పుట్టిని పట్టుకుని, రెండో చేత్తో తాడు లాగుతూ ఉండిపోయాడు.

మధ్యాహ్నానికి కాసిం శవాన్ని గట్టుకు చేర్చారు. తాడు కోసి ఉంటే బతికేవాడని ఎవరూ అనలేదు. దస్తగిరికి మాత్రం ఆ నీళ్ళలోనే పడి చావాలనిపించింది. తమ్ముడు నీళ్ళలో పడ్డాడని, వెతుకుతున్నామని అంతకుముందే రాజప్ప ఫోన్ తీసుకుని తల్లికి చెప్పి ఉన్నాడు. ఇప్పుడు ఆమే ఆ ఫోన్‌కు చేసింది.

"తమ్ముడికి తాడు కట్టావా అబ్బయా?"

"కట్టానమ్మా."

అవతల బీబమ్మ ఊపిరి పీల్చుకుంది. "అయితే ఏం కాదులే. తేలతాడు. నువ్వు కంగారుపడబాక, రెండు ముద్దలు తిను."

"సరేనమ్మా" అన్నాడు దస్తగిరి.